మూడోది

పుంతా అరెనాస్‌లో జూన్ నెల.
ఐదున్నరకే పొద్దు గూట్లో పడింది,
రేపు పదింటిదాకా తెల్లవారదు.
గాలి కిటికీని భుజంతో నెడుతోంది,
అప్పులవాడిలా.
బల్ల మీద రెండు డబ్బాలు:
ఉప్పుదీపం మూడు, ఉప్పుదీపం నాలుగు.
మొదటి రెండూ ఆడీ ఆడీ
నా ఎడమ బొటనవేలు కాయ కాసింది.

"మూడోది వదిలెయ్" అన్నాడు ఒస్వాల్దో,
పాత ఆటలమ్మే తన కొట్టులో
చిల్లర లెక్కపెట్టుకుంటూ.
"చేసినవాళ్ళకి అప్పటికే జీతాల్లేవు.
సగంమంది వెళ్ళిపోయారు,
ఉన్నవాళ్ళు ఎడంచేత్తో చుట్టేశారు.
సముద్రం కదలదు.
మనుషులు నడుస్తూ నడుస్తూ గోడల్లోకి దూరిపోతారు.
ఒకే పడవని నీచేత పదకొండుసార్లు బాగుచేయిస్తారు.
కథే కావాలంటే రెండు ముక్కల్లో చెప్తా."
చెప్పాడు. రెండు ముక్కలే.
దీవి మునిగింది. దీపం మిగిలింది.

డబ్బా మాత్రం ఊరికే ఇచ్చాడు,
ఎవరూ కొనడం లేదట.

నేను రేవులో టికెట్లు చింపే మనిషిని.
గాలి ముదిరితే పోర్వెనీర్ ఓడ కదలదు,
ఆ పూట నా ఉద్యోగమల్లా
"ఇవాళ లేదు" అని రెండొందలసార్లు అనడం.
విసుగు నాకు కొత్త చుట్టం కాదు.
కానీ ముప్ఫై గంటలు అని రాసి ఉంది డబ్బా వెనక.
ముప్ఫై గంటలంటే నా లెక్కన
ఆరు వారాల రాత్రులు.
లేదా ఇమెల్దాకి అల్లిస్తానన్న స్వెట్టర్లో
ముందు భాగమంతా, ఒక చెయ్యి కూడా.
యాభై మూడేళ్ళొచ్చాక
బాగోదని తెలిసిన దానికి ఇంత కాలమా?
ముద్దలో రాయి ఉందని చెప్పాక కూడా
ఎవరైనా నములుతారా?

వదిలేశాను.
నాలుగోది పెట్టాను.

అబ్బ, ఏం సముద్రం!
నల్లటి నీళ్ళ మీద వెలుగు
నూనెలా సాగుతోంది.
మెట్ల మీద పేరుకున్న ఉప్పు
నా నాలిక్కి తగిలింది, ఒట్టు.
మొదటి రేవులోనే ఓర్సో కనపడ్డాడు,
రెండో భాగంలో బాడుగ దగ్గర నన్ను
రెండుసార్లు ముంచిన పడవవాడు.
నన్ను చూసి లేచి నిలబడ్డాడు.
చొక్కా ఎడమ చెయ్యి ఖాళీ,
మడిచి పిన్ను పెట్టుకున్నాడు.

"ఆ రాత్రి నువ్వు తాడు వదల్లేదు.
చెయ్యి పోయింది, నేను మిగిలాను.
నీ దగ్గర డబ్బు తీసుకుంటానా, ఎక్కు."

తెర మీద మూడు జవాబులు వెలిగాయి.
అదేం పెద్ద సంగతి.
నువ్వైనా అంతే చేసేవాడివి.
మూడోది, మాట్లాడకుండా తల వంచడం.
నాకు కావలసింది మాత్రం లేదు:
అయ్యా, ఆ రాత్రి నేను లేను.

ఏది నొక్కినా దొంగ సాక్ష్యమే.
ఒస్వాల్దో చెప్పిన రెండు ముక్కల్లో
ఈ తాడు లేదు.

పోయిన చలికాలం ఒక ముసలాయన
టికెట్ కిటికీలోంచి నా చేతులు పట్టుకున్నాడు.
తుఫాను రోజున వాళ్ళావిడకి
నా కోటు విప్పి కప్పానట.
నాకంటే ముందు ఆ కిటికీలో కూర్చున్న
గ్రసీలా అయ్యుంటుంది.
నేను తలూపాను.
వేడి వేడి ఎంపనాదాలు తెచ్చిస్తే
తిన్నాను కూడా.
ఆ ఊపిన తల
ఇంకా మెడలో పట్టేసినట్టే ఉంది.

ఓర్సోని అలాగే నిలబెట్టి
ఆట ఆపేశాను.

మూడోది నిజంగానే బాగోలేదు.
ఒస్వాల్దో అబద్ధమాడలేదు పాపం.
సముద్రం రేకు పరిచినట్టుంది.
నిన్న ఒక పాదిరీ గోడలోకి వెళ్ళినవాడు
ఇప్పటిదాకా బయటికి రాలేదు.
స్వెట్టరు మెడ దగ్గరే ఆగింది,
ఇమెల్దా అడగడం మానేసింది.

రాత్రి ఏడోసారి పడవకి మేకులు కొట్టాను.
ఓర్సోకి ఇంకా రెండు చేతులూ ఉన్నాయి,
రెండింటితోనూ నా బాడుగ లెక్కపెట్టి
ఒక నాణెం ఎక్కువే లాక్కున్నాడు.
ఏమీ అనలేదు.
తాడు ఎక్కడ కట్టి ఉందో
చూసి పెట్టుకున్నాను.